పదిహేనేళ్లు ఉంటే మనవాడేనా?

పక్కపక్కన పెట్టి చదవాల్సిన కాగితాలు రెండున్నాయి. మొదటిది 1919లో నిజాం ప్రభుత్వం అమల్లోకి తెచ్చిన ముల్కీ నిబంధనలు. రెండోది 2024 జూలై 15న కర్ణాటక మంత్రివర్గం ఆమోదించి, 17వ తేదీకల్లా అటకెక్కించిన స్థానిక అభ్యర్థుల ఉద్యోగాల బిల్లు. ఒకటి హైదరాబాదు కోసం పుట్టింది. ఇంకొకటి రాష్ట్రమంతటికీ అని రాసినా బెంగళూరును దృష్టిలో పెట్టుకుని రాసింది. మధ్యలో నూట అయిదేళ్లు. సంస్థానాలు పోయాయి, రాజ్యాంగం వచ్చింది, భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడ్డాయి. పదిహేనేళ్ల లెక్క మాత్రం చెక్కుచెదరలేదు. ముల్కీ అనిపించుకోవాలన్నా పదిహేనేళ్ల కాపురం, కర్ణాటకలో స్థానికుడు అనిపించుకోవాలన్నా పదిహేనేళ్ల కాపురమే.

ఈ రెండూ చదవడం తెలుగువాడికి కాస్త ఇరకాటమే. హైదరాబాదు తగువులో లోపలివాడూ మనవాడే, బయటివాడూ మనవాడే. బెంగళూరులో మనం బయటినుంచి వచ్చినవాళ్లం. 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తన సొంత స్థానికుల చట్టం చేసినప్పుడు మనం ఇంటివాళ్లం. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుం ప్రకటించినప్పుడు మళ్లీ గడప అవతల. ఏ కాగితం చేతికొస్తే దాన్ని బట్టి వాదన మార్చుకోవడం మనకు అలవాటైపోయింది. అందుకని వాదన తర్వాత, ముందు కాగితాల్లో ఏముందో చూద్దాం.

ముల్కీ నిబంధనల ప్రకారం పుట్టుకతో హైదరాబాదు సంస్థాన ప్రజ అయినవాడు ముల్కీ. అలా పుట్టనివాడు కనీసం పదిహేనేళ్లు అక్కడే స్థిరంగా ఉండి, సొంతూరికి తిరిగి వెళ్లే ఆలోచన మానుకున్నానని మేజిస్ట్రేటు ముందు ప్రమాణపత్రం ఇస్తే అతనూ ముల్కీయే. ముల్కీని పెళ్లాడిన స్త్రీ కూడా ముల్కీ. కర్ణాటక బిల్లు అడిగింది వేరు. అభ్యర్థి కర్ణాటకలో పుట్టి ఉండాలి. పదిహేనేళ్లుగా అక్కడే నివసిస్తూ ఉండాలి. కన్నడం మాట్లాడటం, చదవడం, రాయడం రావాలి. నోడల్ ఏజెన్సీ పెట్టే పరీక్ష గట్టెక్కాలి. నిజాం కాగితంలో లోపలికి రావడానికి ఒకటికి మించి తలుపులున్నాయి. ఓట్లతో ఎన్నికైన ప్రభుత్వం రాసిన కాగితంలో తలుపు ఒక్కటే, దానికి తాళాలు నాలుగు. రెండేళ్ల పసివాడిగా అమ్మ చంకనెక్కి హిందూపురం నుంచి యశవంతపుర వచ్చి, సర్కారు కన్నడ బడిలో పదో తరగతి దాకా చదివినవాడు 1919 నాటి తర్కంలో పదిహేడో ఏట ఇంటివాడయ్యేవాడు. 2024 నాటి నిర్వచనం ప్రకారం డెబ్బయ్యో ఏట కూడా కాడు.

వీటి నడుమ మూడో కాగితం ఒకటుంది. 1983లో రామకృష్ణ హెగ్డే ప్రభుత్వం కేంద్ర మాజీ మంత్రి సరోజినీ మహిషి అధ్యక్షతన వేసిన కమిటీ 1986లో ఇచ్చిన నివేదిక అది. కర్ణాటకలోని కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో సి, డి గ్రూపు ఉద్యోగాలు నూటికి నూరు కన్నడిగులకే ఇవ్వాలని, బి గ్రూపులో 80 శాతం, ఎ గ్రూపులో 65 శాతం ఇవ్వాలని అది సిఫారసు చేసింది. ఆ అంకెలు చూసి బయటివాళ్లు మహిషి పేరెత్తితేనే ఉలిక్కిపడతారు. నాకు మాత్రం అందులోని కన్నడిగుడి నిర్వచనం ఈ మూడింట్లోకీ మేలైనదనిపిస్తుంది. పదిహేనేళ్లు ఉండి కన్నడం మాట, చదువు, రాత వచ్చినవాడు ఎక్కడ పుట్టినా కన్నడిగుడే. ఎవరి బిడ్డవని అందులో అడగలేదు, మా మాట నేర్చుకున్నావా అని మాత్రమే అడిగారు. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత బిల్లు రాసినవాళ్లు మహిషి పేరు చెప్పుకుంటూనే ఆ ఉదారతను కొట్టేసి, పుట్టుక షరతు తెచ్చి పెట్టారు. మహిషిని అమలు చేయాలని ఊరేగింపులు తీసేవాళ్లు ఈ తేడాను పట్టించుకున్నట్టు కనబడదు.

ముల్కీ కాగితంలో లేనిది భాష. ఉండే వీలూ లేదు. నిజాం ప్రజలు తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ మాట్లాడేవాళ్లు. రాయచూరు, గుల్బర్గా (ఇప్పటి కలబురగి), బీదర్ అప్పుడు హైదరాబాదు సంస్థానంలోవే. అంచేత గుల్బర్గా నుంచి వచ్చిన కన్నడ గుమాస్తా హైదరాబాదు కచేరీలో ముల్కీ. బెజవాడ నుంచి వచ్చిన తెలుగు గుమాస్తా గైర్‌ముల్కీ. భాష ఒకటైతే కలిసిపోతారని, వేరైతే కలవరని ఇవాళ మనం సులువుగా అనుకుంటాం. నూరేళ్ల కిందటి కచేరీలో ఆ సూత్రం తలకిందులై ఉంది. ఆ తర్వాత జరిగిన చరిత్ర కూడా దాన్ని తలకిందులుగానే నడిపించింది.

అసలు ఈ తగువు రెండు చోట్లా ఒకే తీరున మొదలైంది. సాలార్‌జంగ్ 1853 నుంచి 1883 దాకా హైదరాబాదు దివాన్‌గా ఉండి పాలనను కొత్త పద్ధతుల్లో పెట్టాడు. దానికోసం ఉత్తరాది నుంచి చదువుకున్న అధికారులను పిలిపించాడు. స్థానిక ఉమరావులు, వాళ్ల పిల్లలు గుర్రుగా ఉన్నారు. ముల్కీ, గైర్‌ముల్కీ పేచీకి వేరు అక్కడుంది. ఆ కాలం ముగిసే వేళకు మైసూరులో మద్రాసు నుంచి వచ్చిన దివాన్లు వరసగా గద్దెనెక్కారు. 1881లో రంగాచార్లు, 1883 నుంచి 1901 దాకా శేషాద్రి అయ్యర్. శివనసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు 1902లో కరెంటు పారిందంటే, 1905లో బెంగళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగాయంటే ఆ మద్రాసీ దివాన్ వేసిన పునాదే. మైసూరు మైసూరువాళ్లకే అన్న నినాదమూ అతని కాలంలోనే బలపడింది. దీపం వెలిగిందన్న సంతోషమూ, వెలిగించింది పరాయివాడన్న గుర్రూ ఒకే ఊళ్లో ఒకేసారి ఉండగలవు. ఇవాళ వైట్‌ఫీల్డులో ఉన్నదీ అదే పరిస్థితి.

ఈ రెండు సంస్థానాలనూ కలిపే మనిషి మోక్షగుండం విశ్వేశ్వరయ్య. పుట్టింది చిక్కబళ్లాపుర దగ్గర ముద్దేనహళ్లిలో. ఇంటిపేరు చెబుతుంది పూర్వీకులు ఉమ్మడి ప్రకాశం జిల్లా వైపు మోక్షగుండం వాళ్లని. ఇంటి భాష తెలుగు. 1908లో మూసీ ముంచెత్తాక హైదరాబాదును వరద నుంచి కాపాడే పథకం ఆయన గీసిచ్చాడు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ దాన్నుంచి వచ్చినవే. తర్వాత 1912 నుంచి 1918 దాకా మైసూరు దివాన్. ఇంత చేసిన మనిషి పదవి వదిలిపెట్టడానికి కారణం మళ్లీ ఉద్యోగాల వాటాయే. వెనుకబడిన వర్గాలకు కొలువుల్లో చోటివ్వాలన్న మిల్లర్ కమిటీ ఆలోచన ఆయనకు నచ్చలేదు. ప్రతిభ పేరు చెప్పి వాటాను కాదన్న తొలితరం పెద్దల్లో ఆయనొకడు. ఆ ఒక్క విషయంలో చరిత్ర ఆయన పక్షాన నిలవలేదు. బెంగళూరు కంపెనీల పెద్దలు 2024లో ప్రతిభ, పోటీ అంటూ గొంతెత్తినప్పుడు నాకు 1918 గుర్తుకొచ్చింది. వాళ్ల వాదనలో నిజం లేకపోలేదు. అయితే ప్రతిభ ఎవరింట్లో, ఏ బడిలో తయారవుతుందో చెప్పకుండా వదిలేసిన వాదన అది.

ఇక హైదరాబాదు సంగతి. 1948 పోలీసు చర్య తర్వాత మద్రాసు వైపు నుంచి ఉద్యోగులు దిగారు. దొంగ ముల్కీ సర్టిఫికెట్లు పుట్టుకొచ్చాయి. 1952 సెప్టెంబరులో గైర్‌ముల్కీ గో బ్యాక్, ఇడ్లీ సాంబార్ గో బ్యాక్ అంటూ విద్యార్థులు వీధికెక్కారు. సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 1956లో పెద్దమనుషుల ఒప్పందం రాసుకుని ఒక రాష్ట్రమయ్యాం. 1969 జనవరిలో కొత్తగూడెం థర్మల్ కేంద్రం దగ్గర మళ్లీ ఉద్యోగాల మీదే రాజుకుంది. 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయనగానే ఈసారి కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. పి.వి.నరసింహారావు ప్రభుత్వం కూలింది. 1973లో ఆరు సూత్రాలు, రాజ్యాంగంలో 371-డి, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు, 1985 డిసెంబరు 30న 610 జీవో. ఇన్ని కట్టుబాట్లు చేసుకున్నా, వాటిని ఉల్లంఘించారన్న ఆరోపణ మీదే 2014 జూన్ 2న రెండు రాష్ట్రాలయ్యాం. ఒకే భాష, ఒకే సినిమా, ఒకే పంచాంగం. ఇవేవీ అడ్డుపడలేదు.

ఎందుకంటే ఆ అరవై ఏళ్లూ పోరు సర్కారు కొలువు మీద. సర్కారు కొలువులకు లెక్క ఉంటుంది. సీనియారిటీ జాబితా గోడమీద అంటిస్తారు. నా పైన ఎవడి పేరుందో, అతను ఏ జిల్లావాడో అందరికీ కనబడుతుంది. ఒకడు ఎక్కితే ఇంకొకడు దిగాల్సిందే. అలాంటి చోట వలస వచ్చినవాడు సంపద పెంచుతాడన్న మాట చెవికెక్కదు. సుల్తాన్‌బజార్‌లో కొత్త దుకాణం పెట్టిన గుంటూరు వ్యాపారి మీద లేని కోపం, తహసీలు కచేరీలో కూచున్న గుంటూరు గుమాస్తా మీద ఎందుకుందో దీన్నిబట్టే అర్థమవుతుంది. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక వచ్చిన ఉద్యోగాలు ఆ జాబితాలోకి రాలేదు. అవి గోడమీద అంటించే కొలువులు కావు. తెలంగాణ వచ్చాక మాదాపూర్ నుంచి ఎవరినీ వెనక్కి పంపలేదు. 2023 శాసనసభ ఎన్నికల్లో రాష్ట్రంలో ఓడిన బీఆర్ఎస్, సెటిలర్లు దండిగా ఉన్న కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, ఎల్బీనగర్‌లలో గెలిచింది. ప్రత్యేక రాష్ట్రం కోసం పుట్టిన పార్టీకి ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లే ఓట్లేశారు. 1969లో ఎవరైనా ఈ మాట చెబితే నవ్వేవాళ్లు.

బెంగళూరు కథ కూడా ఈ దారినే నడిచింది గాని, కాస్త ముందుగా నడిచింది. హెచ్ఏఎల్ 1940, ఐటీఐ 1948, హెచ్ఎంటీ 1953, బీఈఎల్ 1954. ఈ నాలుగు సంస్థల చుట్టూ నగరం పెరిగింది. గేటు లోపల తమిళం, మలయాళం, తెలుగు వినబడుతుంటే బయట ఊళ్లలోని కన్నడ కుర్రాళ్లు ఉద్యోగానికి అర్జీలు పెట్టుకుంటూ తిరిగారు. 1982 గోకాక్ ఉద్యమానికి రాజ్‌కుమార్ ముందు నిలవగానే ఊళ్లకు ఊళ్లు కదిలాయంటే, బడిలో కన్నడానికి మొదటి స్థానం అన్న డిమాండు ఒక్కటే కారణం కాదు. ఆ గేట్ల బయట పోగుపడిన ఉక్రోషం కూడా ఉంది. మహిషి కమిటీ ఆ తర్వాతి ఏడే వచ్చింది. ఇక్కడ కూడా తగువు లెక్కున్న కొలువుల మీదే. అప్పటికి టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ రావడానికి ఇంకా రెండేళ్లుంది. ఎలక్ట్రానిక్స్ సిటీ అంటే ఊరి బయట బంజరు భూమి.

ఇంత జరిగినా బెంగళూరులో తెలుగువాడి మీద హైదరాబాదులో పడినంత దెబ్బ పడలేదు. 1991లో కావేరి అల్లర్లలో తమిళులు చచ్చారు, ఇళ్లు తగలబడ్డాయి. 2016లో మళ్లీ తమిళనాడు బస్సులు కాలాయి. 2012 ఆగస్టులో పుకార్లకు బెదిరి ఈశాన్య రాష్ట్రాల పిల్లలు ప్రత్యేక రైళ్లెక్కి గువాహటి దారి పట్టారు. కృష్ణా నీళ్లమీద, ఆలమట్టి ఎత్తుమీద మనకూ కర్ణాటకకూ పేచీలకు లోటు లేదు. అయితే బెంగళూరు కుళాయిలో వచ్చేది కృష్ణా నీళ్లు కావు, కావేరి నీళ్లు. ఇది మన మంచితనమేమీ కాదు, భూగోళం చేసిన మేలు.

ఇంకో కారణం మరింత లోతైనది. బెంగళూరుకు తూర్పున, దక్షిణాన ఉన్న పాత ఊళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడే రెడ్లు తరతరాలుగా ఉన్నారు. బెళ్లందూరు, వర్తూరు, మారతహళ్లి వాళ్ల రాగి చేలే. చింతామణి, బాగేపల్లి, ముళబాగిలు వైపు వెళితే తెలుగెక్కడ ఆగిందో కన్నడమెక్కడ మొదలైందో చెప్పలేం. కైవార తాతయ్యగా పిలుచుకునే యోగి నారేయణ పద్దెనిమిదో శతాబ్దంలో తెలుగులోనూ కన్నడంలోనూ రాశాడు. ఆయన జయంతిని ఇవాళ కర్ణాటక ప్రభుత్వమే అధికారికంగా జరుపుతుంది. కన్నడ కంఠీరవుడు రాజ్‌కుమార్ కన్నడేతర భాషలో నటించిన ఒకే ఒక్క సినిమా 1954 నాటి తెలుగు చిత్రం కాళహస్తి మహాత్మ్యం. హైదరాబాదులో ఇడ్లీ సాంబారు పొమ్మన్న చోట, బెంగళూరు రెసిడెన్సీ రోడ్డులో అరిటాకు మీద పప్పు, గోంగూర, కారప్పొడి కోసం కన్నడిగులే వరసలో నిలబడతారు. తిండి కలిసినంత మాత్రాన మనసులు కలుస్తాయని నేననను. కలవని చోట ముందు తిట్టు పడేది మాత్రం తిండిమీదే.

మారతహళ్లిలో మా ఇంటి యజమాని ఈ పాతకాపుల్లో ఒకాయన. ఇంట్లో తెలుగు, పంచాయతీ నాటి పత్రాలన్నీ కన్నడం, ఓటు ఎప్పుడూ అక్కడి పార్టీలకే. పొలం లేఔట్లయింది, లేఔట్లు పీజీ హాస్టళ్లయ్యాయి. ఒకసారి బాడిగ పెంచే సందర్భంలో నాతో తెలుగులోనే, “ఈ ఆంధ్రావాళ్లు వచ్చి ఊరంతా చెడిపోయింది సార్, చెరువు గూడా మిగల్లేదు” అన్నాడు. అందులో వెటకారం లేదు, నిజంగానే బాధపడ్డాడు. నేను ఆంధ్రావాణ్నని ఆయనకు తెలుసు. తాను తెలుగువాణ్నని మాత్రం ఆయనకు ఎప్పుడూ తోచినట్టు లేదు. కర్ణాటక బిల్లులోని నాలుగు షరతులూ ఆయన నిద్రలో కూడా నెగ్గుతాడు.

అదే వీధి తెల్లారగట్ల ఊడ్చే పౌరకార్మికురాలికి నెగ్గడం కష్టం. బెంగళూరు పౌరకార్మికుల్లో అత్యధికులు దళితులు, స్త్రీలే ఎక్కువ. వాళ్లలో చాలామంది ఇంటి భాష తెలుగు. చీపురు పట్టే పనికి ఆంధ్ర వైపు నుంచి వచ్చిన కుటుంబాలవి. ఇప్పుడు మూడో తరం ఊడుస్తోంది. బిల్లు వార్త వచ్చిన రోజుల్లో మా వీధిలో ఆమెను అడిగితే, “మాట్లాడమంటే పొద్దస్తమానం కన్నడమే మాట్లాడతా సార్. రాయమంటేనా, తెలుగే రాయలేను” అంది. కాగితం మీద చూస్తే బిల్లు ప్రైవేటు సంస్థల కొలువులకే. చెత్త పని ఎంత భాగం కాంట్రాక్టర్ల చేతిలో నడిచిందో తెలిసినవాళ్లకు ఆ గీత ఎంత పలచనో తెలుసు. సి, డి గ్రూపు కొలువులు నూరు శాతం స్థానికులకే అని ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఎక్స్‌లో రాసి తీసేశారు. బిల్లులో ఉన్నది మేనేజ్‌మెంటు పదవుల్లో 50, మిగతావాటిలో 70 శాతం. అంకె ఏదైనా కింది మెట్టుమీది పనికే కత్తెర ఎక్కువ పడుతుంది. అక్షరాల పరీక్షలో ముందు ఓడేది బడి మొహం చూడనివాళ్లు. వాళ్లలో తెలుగు ఇళ్లవాళ్లే కాదు, బతుకుతెరువుకు కలబురగి, రాయచూరు నుంచి వచ్చి సెంట్రింగ్ పనిచేసే అచ్చ కన్నడ కూలీలు కూడా ఉన్నారు.

పైమెట్టువాళ్లకు ఏమవుతుంది? పెద్దగా ఏమీ కాదు. బిల్లును ఉల్లంఘిస్తే జరిమానా పదివేల నుంచి పాతికవేల రూపాయలు, సరిదిద్దుకోకపోతే రోజుకు వంద. ఔటర్ రింగ్ రోడ్డులోని కంపెనీకి అదొక లెక్కా? నైపుణ్యమున్న స్థానికులు దొరక్కపోతే మూడేళ్లలో శిక్షణ ఇవ్వాలని, అప్పటికీ దొరక్కపోతే మినహాయింపు అడగవచ్చని కూడా ఉంది. గట్టిగా అరిచి మెత్తగా కరిచే చట్టం అది. దానికే ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ ఆందోళన వెలిబుచ్చింది, కంపెనీలు తరలిపోతాయంది. రెండు రోజుల్లో బిల్లు మూలన పడింది. రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో మూడో వంతుకు పైగా ఒక్క బెంగళూరే తెస్తున్నప్పుడు ఏ ప్రభుత్వమైనా అంతే చేస్తుంది. బిల్లు పోయినా, అది పుట్టడానికి కారణమైన కడుపుమంట పోలేదు.

ఆ మంటలో న్యాయముంది, ఇది తెలుగువాళ్లం ఒప్పుకోవాలి. 2011 జనాభా లెక్కల నాటికే బెంగళూరులో కన్నడం మాతృభాషగా ఉన్నవాళ్లు సగానికి తక్కువ. సొంత రాజధానిలో బ్యాంకు గుమాస్తా, ఆసుపత్రి కౌంటరు, అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు తన భాషలో పలకకపోతే ఎవరికైనా మండుతుంది. పాత వలసలో వచ్చిన కోమటి చిక్కపేటలో కన్నడం నేర్చాడు, ఎందుకంటే కొనేవాడు కన్నడం మాట్లాడాడు. కొత్త వలసలో వచ్చిన మన ఇంజినీరుకు ఆ అక్కర పడలేదు. ఆఫీసులో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు, పనిమనిషితో కూడా తెలుగే. కిరాణా యాప్‌లో. పండక్కి మడివాళలో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి సొంతూరు. పదేళ్లయినా “కన్నడ గొత్తిల్ల” (కన్నడం రాదు) అన్న ఒక్క ముక్కతో కాలం గడిపేవాళ్లు నా ఎరుకలోనే బోలెడుమంది. మళ్లీ డాలస్ వెళ్లగానే వీళ్లే పిల్లలకు అమెరికా యాస పట్టుబడలేదని దిగులు పడతారు. ముల్కీ కాగితం అడిగిన ప్రమాణపత్రం, అంటే తిరిగి వెళ్లే ఆలోచన మానుకున్నానన్నది, వీళ్లలో నిజాయితీగా సంతకం పెట్టగలవాళ్లు ఎంతమంది? ఆ ఒక్క చోట 1919 నాటి కాగితం 2024 కాగితం కన్నా లోతుగా అడిగింది. పుట్టుక మన చేతిలో లేదు. పరీక్షకు గైడు కొనుక్కోవచ్చు. ఈ ఊరు నాదని నిర్ణయించుకోవడం మాత్రం మనిషి చేయాల్సిన పని.

ఇక మన సొంత కాగితం. 2019 జూలైలో ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టం పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అంది. అర్హులు దొరక్కపోతే మూడేళ్లలో శిక్షణ ఇవ్వాలన్న మాట అందులోనూ ఉంది. అయిదేళ్ల తర్వాత కర్ణాటక బిల్లులో అదే వాక్యం కనబడటం చూస్తే, రాష్ట్రాలు ఒకరిని చూసి ఒకరు రాసుకుంటున్నాయని తెలిసిపోతుంది. 75 శాతమే పెట్టిన హరియాణా చట్టాన్ని 2023 నవంబరులో పంజాబ్-హరియాణా హైకోర్టు కొట్టేసింది. సర్కారు కొలువులకైనా నివాసం షరతు పెట్టే అధికారం రాజ్యాంగం 16వ అధికరణం ప్రకారం పార్లమెంటుదే గాని శాసనసభలది కాదు. ప్రైవేటు కొలువుల మీద శాసనసభలు ఇంత ధీమాగా రాయడం వెనక కోర్టు ఎలాగూ ఆపుతుందిలే అన్న భరోసా కూడా ఉండి ఉంటుందని నా అనుమానం.

2024 జూలై 17న బెంగళూరు బిల్లుమీద గగ్గోలు రేగగానే ఆంధ్ర ఐటీ మంత్రి నారా లోకేశ్ నాస్కామ్ కంపెనీలను విశాఖకు రమ్మని ఎక్స్‌లో ఆహ్వానించారు. చురుకైన పనే, మెచ్చుకోవచ్చు. తన ఇంట్లో అంతకన్నా పెద్ద అంకెతో చట్టం ఉన్న సంగతి ఆ ఆహ్వానంలో లేదు. ఆ చట్టం చేసింది ముందటి ప్రభుత్వమే కావచ్చు. పొరుగువాడి కంచె మీద కబుర్లు చెప్పేటప్పుడు మన కంచె ఎత్తు ఎవరూ కొలవరు. కర్ణాటకవాళ్లూ అంతే. 2012లో 98వ సవరణతో వచ్చిన 371-జె అధికరణం కలబురగి, రాయచూరు, బీదర్ వైపు జిల్లాల్లో కొలువుల్లో, సీట్లలో అక్కడివాళ్లకు వాటా కల్పించింది. బెంగళూరులో పుట్టిన కన్నడిగుడు కలబురగిలో స్థానికేతరుడు. ఆ జిల్లాల్లో చాలాభాగం పాత హైదరాబాదు సంస్థానంలోవి. అంటే ముల్కీ వారసత్వం ఇప్పుడు కర్ణాటక నడిబొడ్డున సజీవంగా ఉంది, కన్నడిగుడికీ కన్నడిగుడికీ మధ్య. దాన్ని ఎవరూ తప్పు పట్టడం లేదు, నేనూ పట్టను. అక్కడ నీళ్లు, బడులు, కొలువులు నిజంగానే వెనకబడ్డాయి. వెనకబాటును కొలిచి ఇచ్చే వాటాకూ, పుట్టుకను కొలిచి ఇచ్చే వాటాకూ ఉన్న తేడా అది.

ఈ తేడా బాగా తెలిసేది సరిహద్దులో. తుమకూరు జిల్లా పావగడ తాలూకా చుట్టూ దాదాపు ఆంధ్రే. ఊళ్లలో వినబడేది తెలుగు. పక్కనే మన మడకశిర. అక్కడ అగళి, రొళ్ల వైపు ఇళ్లలో కన్నడం, సర్కారు బడుల్లో కన్నడ మీడియం. రెండింటికీ దగ్గర్లో పెనుకొండ, అక్కడ కియా కార్ల ఫ్యాక్టరీ. 2019 చట్టం లెక్కన పావగడ కుర్రాడు, ఇంట్లో పొద్దున లేస్తే తెలుగే మాట్లాడేవాడు, ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర పరాయివాడు. కన్నడ మీడియంలో చదివిన మడకశిర కుర్రాడు అక్కడ స్థానికుడు. ఇద్దరూ గేట్లు మార్చుకుని బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడకు వెళ్లారనుకుందాం. 2024 బిల్లు పెట్టే కన్నడ పరీక్షలో మడకశిరవాడు మొదటి మార్కు తెచ్చుకుంటాడు, అయినా పుట్టిన ఊరు చూసి పక్కన పెడతారు. పావగడవాడు కర్ణాటక బడిలోనే చదివాడు కాబట్టి పరీక్ష ఎలాగో గట్టెక్కుతాడు, పుట్టుక సరిపోతుంది, లోపలికి వెళతాడు. మహిషి నిర్వచనం ప్రకారమైతే మడకశిరవాడికి పీణ్యలో పదిహేనేళ్ల కాపురం చాలు.